ఇచ్చిన పిమ్మట

ఇచ్చుట ఒక దినపు పని. ఇచ్చినదానిని నిలుపుట జీవితకాలపు పని. లోకము మొదటిదానిని దానమని కొనియాడి శిలాఫలకముపై పేరు చెక్కించును. రెండవదానికి ఫలకము లేదు, సన్మానము లేదు. బావి త్రవ్వించినవాని పేరు ఊరివారందఱు ఎఱుగుదురు. ఏటేట అందు దిగి పూడిక తీసినవాని పేరు ఎవ్వరికిని జ్ఞప్తి యుండదు. అయినను బావిలో నీరు నిలిచియుండుట ఆ రెండవవాని వలననే. పదిమందికై తెరచి యుంచిన పనిని కాపాడువాడు ఎవరికి, ఎంతవరకు జవాబుదారి యగును? అతనినుండి ఫలము పొందువారికి మాత్రము బాధ్యత లేదా? ఈ ప్రశ్నలు పాతవే యైనను, ఈ కాలమున క్రొత్త రూపమున ఎదురగుచున్నవి.

తార్కాణమునకై దూరము పోనక్కఱలేదు. యాదగిరిగుట్ట యున్న జిల్లాయందే పోచంపల్లి గలదు. 1951వ సంవత్సరము ఏప్రిల్ 18వ తేదీన ఆచార్య వినోబా భావే పాదయాత్రలో ఆ గ్రామమున ఉండెను. అచటి 40 దళిత కుటుంబములవారు తమకు 80 ఎకరముల భూమి యున్నచో కష్టించి బ్రతుకగలమని విన్నవించుకొనిరి. వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరములు ఇచ్చెదనని పలికెను. ఆ ఒక్క మాట భూదానోద్యమమై దేశమంతట వ్యాపించినది. లక్షల ఎకరములు దానముగ వచ్చినవి. పోచంపల్లి భూదాన పోచంపల్లి యయ్యెను. తెలంగాణము గర్వింపదగిన ఘట్టమిది. కాని తరువాతి కథ అంత సంతోషకరమైనది కాదు. దేశమున దానముగ వచ్చిన భూమిలో పెద్ద భాగము పేదల చేతికి చేరకయే నిలిచిపోయినది. కొంత సేద్యమునకు పనికిరాని నేల, కొంత వ్యాజ్యములలో చిక్కిన నేల. దానపత్రము వ్రాసినంత మాత్రమున చేను పండదు. హద్దులు కొలువవలెను; పట్టా చేతికి రావలెను; ఎడ్లు, విత్తనము, నీరు సమకూడవలెను. ఇచ్చిన చేయి గొప్పదే. ఇచ్చిన పిమ్మట వెంట నిలువవలసిన చేతులు చాలలేదు.

ఇట్టి ధర్మసంకటమే నేడు కంప్యూటరు రంగమున కానవచ్చుచున్నది. కంప్యూటరును నడిపించు ఆదేశముల సముదాయమునకు సాఫ్ట్‌వేరు అని పేరు. దానిని లోకమునకు అందించుటలో రెండు పద్ధతులు గలవు. వంటకమును అమ్మి, వంట విధానమును దాచియుంచుట మొదటిది. వంటకముతోపాటు విధానమును గూడ పదిమంది యెదుట పెట్టి, ‘కావలసినవారు వండుకొనుడు, రుచి చాలకున్న మార్చుకొనుడు, మార్చినదానిని ఇతరులకును పంచుడు’ అనుట రెండవది. ఈ రెండవదానినే ఓపెన్ సోర్సు అందురు. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ అను పేర ఇట్టి ప్రయత్నమును ప్రకటించెను. 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్సు అను సాఫ్ట్‌వేరును లోకమునకు పంచెను. పల్లెటూరి రైతు చేతనున్న ఆండ్రాయిడు ఫోనుకు గూడ నేడు ఆ లినక్సే పునాది.

తెలుగువారు ఈ దానమును పొందినవారే కాక చేసినవారు గూడ. డాక్టరు తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అను పేర్లతో యూనికోడు ఫాంట్లను రూపొందించి ఎల్లరకును స్వేచ్ఛగ ఇచ్చెను. అవి ఈనాటికిని డెబియన్ వంటి స్వేచ్ఛా వ్యవస్థలతో కలిసి వచ్చుచున్నవి. సిలికానాంధ్ర సంస్థ పెద్దన, తిమ్మన, ధూర్జటి, గురజాడ, గిడుగు మొదలగు పేర్లు గల ఫాంట్లను అట్లే విడుదల చేసినది. వెన్న నాగార్జున 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు నాంది పలికెను. వీరి శ్రమఫలమును అనుభవించువారిలో వీరి పేరు వినినవారు బహు స్వల్పము.

ఇట్టి పనిని దినదినము కాపాడువానిని నిర్వాహకుడు అందురు. అతడు వేతనము పుచ్చుకొనువాడు కానక్కఱలేదు. పెక్కుమారులు ఉద్యోగము ముగించుకొని, ఇంటివారు నిద్రించిన పిమ్మట కూర్చుండి పని చేయువాడే. అతని యొద్దకు రెండు విధములైన ఉత్తరములు వచ్చును. ‘ఇచట దోషమున్నది’ అనునది ఒకటి. ‘దోషమును నేను దిద్దితిని, పరిశీలించి స్వీకరింపుడు’ అనునది రెండవది. ఆ రెండింటికి అతడు చెప్పు సమాధానము పైననే నమ్మకము నిలుచును.

ఒక ఉదాహరణమును ఊహింతురు గాక. యాదగిరిగుట్టలో ఒక అచ్చుపనివాడు పెండ్లిపత్రికపై శ్రీ లక్ష్మీనరసింహస్వామి పేరు కూర్చుచున్నాడు. ‘లక్ష్మీ’ అను మాటలోని రెండవ యక్షరము సామాన్యమైనది కాదు: కకారముతో షకారము, దానితో మకారము చేరి, పైన గుడిదీర్ఘము నిలువవలెను. ఒక ఫాంటులో మవత్తు తన చోటు తప్పి ప్రక్కకు ఒరిగినదనుకొందురు గాక. తప్పు ఎవరిది? అక్షరములు గీసినవానిదా? అక్షరములను ఒకదానిక్రింద నొకటి కూర్చు పనిముట్టుదా? ఫైర్‌ఫాక్సు, క్రోము, లిబ్రెఆఫీసు వంటి వానిలో ఆ కూర్పు చేయునది హార్ఫ్‌బజ్ అను మఱియొక ఓపెన్ సోర్సు సాఫ్ట్‌వేరు. దానిని కాపాడువారికి తెలుగు మాతృభాష కానక్కఱలేదు. అచ్చుపనివానికి ఈ గొలుసు తెలియదు. అతనికి తెలిసినది స్వామివారి పేరు తప్పుగ పడినదనియే. అతడు ధైర్యము చేసి ఆ సంగతి వ్రాసినచో, ‘చూచితిని, ఇది ఈ చోటి దోషము కాదు, ఫలానివారికి తెలుపవలెను’ అని ఒక్క పంక్తి సమాధానము వచ్చినను చాలును. అతడు మఱియొకమారు వ్రాయును. ఏ సమాధానము రానిచో, తన భాషకు ఈ లోకమున చోటు లేదని తలచి ఊరకుండును. ఆ మౌనమున ఒక దోషము మాత్రమే కాదు, ఒక మనుష్యుడు గూడ పోవును.

మూసియుంచిన సాఫ్ట్‌వేరులో ఇట్టి చిక్కులు లేవని కాదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అను తెలుగు గుణింతమునకు సంబంధించిన యొకానొక సంకేతవరుస ఐఫోనులలో చేరినంతనే సందేశములను చూపు భాగములు కుప్పకూలినవి. జ్ఞానమునకు మొదటి యక్షరమే యంత్రమును మూగవానిని చేయుట వింతయే. ఆపిల్ సంస్థ ఆ నెల 19వ తేదీన సవరణను విడుదల చేసినది. లోకమంతట అలజడి రేగినది గనుక, వేతనముపై పనిచేయువారు ఉన్నారు గనుక జవాబు వెంటనే వచ్చెను. అలజడి రేగని చిన్న దోషము సంగతి వేఱు. అచట తాళపుచెవి ఒక్క సంస్థ చేతనే యుండును. ఇతరులు వేచియుండుట తప్ప చేయగలది లేదు. తెరచి యుంచిన పనిలో నేర్పు గల ఎవ్వడైనను లోపలికి పోయి చూడవచ్చును. కాని అతడు దిద్దినదానిని స్వీకరించి అందఱకును అందజేయుటకు నిర్వాహకుడు తల యెత్తి చూడవలెను గదా!

ఇచట కొందఱు బలమైన ఆక్షేపణము చేయుదురు. ‘ఉచితముగ ఇచ్చినవానిని నిలదీయు హక్కు ఎవరికి గలదు? లైసెన్సుపత్రముననే ఎట్టి హామీయు లేదని వ్రాసియున్నది. నచ్చినవారు వాడుకొందురు, నచ్చనివారు మానుకొందురు’ అని. చట్టరీత్యా ఈ మాట సత్యమే. గ్నూ లైసెన్సు మొదలుకొని పెక్కింటిలో హామీ లేదను వాక్యము గలదు. కాని చట్టము ముగిసినచోట ధర్మము ముగియదు. బాటప్రక్క ధర్మసత్రమును కట్టినవాడు బాటసారులకు ఋణపడినవాడు కాడు. కట్టకున్న అతనిని నిందించువారు లేరు. కాని కట్టి, పేరు వ్రాయించి, బాటసారులు దానినే నమ్ముకొని ఇతర ఏర్పాట్లు మానుకొనిన పిమ్మట, తాళము వేసి తాళపుచెవితో చెప్పక ఊరు విడుచుట తప్పు. బాధ్యత దానమునుండి పుట్టలేదు. నమ్మకమును ఆహ్వానించుటనుండి పుట్టినది. అతడు సత్రమును మూయదలచినచో మూయవచ్చును. ముందుగ చెప్పవలెను, లేదా తాళపుచెవిని మఱియొకనికి అప్పగింపవలెను.

దీనినుండి జవాబుదారి యనగా ఏమో స్పష్టమగుచున్నది. అడిగినదెల్ల చేయుట జవాబు కాదు. అడిగినవానికి సత్యము చెప్పుట జవాబు. ‘చూచితిని’ అనుట మొదటి మెట్టు. ‘ఈ పనికి రెండు మాసములు పట్టును’ అనుట రెండవది. ‘ఈ కారణముచేత నీ సవరణను స్వీకరింపజాలను’ అని నొప్పింపక నిరాకరించుట మూడవది. ‘నాకు ఓపిక లేదు, ఈ భారమును మోయువారు కావలెను’ అని ఒప్పుకొనుట నాల్గవది, అన్నింటికంటె కఠినమైనది. ఈ నాలుగింటిలో ఏది చెప్పినను నమ్మకము చెడదు. ‘కాదు’ అను మాట వలన చెడిన స్నేహములు కొన్ని యుండవచ్చును గాని, ‘చేసెదను’ అని చేయకుండుట వలన చెడినవే ఎక్కువ. డెబియన్ అను స్వేచ్ఛా వ్యవస్థవారు 1997లో సమాజముతో చేసికొనిన ఒడంబడికలో, తమ దోషములను దాచియుంచమను వాగ్దానమును చేర్చిరి. దోషనివేదనలన్నియు అందఱు చదువునట్లు బహిరంగముగ నుండును. దోషము లేదని చెప్పుకొనువానికంటె, దోషముల పట్టీని గుమ్మమునకు వ్రేలాడదీసినవానిని నమ్మవచ్చును.

ఇంతవరకు చెప్పినది నిర్వాహకుని ధర్మము. ఇది సగము మాత్రమే. మిగిలిన సగము పొందువారి ధర్మము. దానిని మఱచుట వలన కలిగిన అనర్థములకు రెండు సాక్ష్యములు గలవు.

మొదటిది 2014 ఏప్రిల్‌లో బయటపడినది. బ్యాంకు వ్యవహారములు మొదలుగ రహస్యముగ సాగవలసిన సంభాషణలను కాపాడు ఓపెన్ ఎస్ఎస్ఎల్ అను సాఫ్ట్‌వేరులో గుండె రక్తమోడుట యను అర్థము గల హార్ట్‌బ్లీడ్ అను దోషము కనుగొనబడినది. సర్వర్ల స్మృతిలోని రహస్యములు పరుల చేజిక్కు ప్రమాదము ఏర్పడినది. అప్పుడు లోకము విచారింపగా తేలినదేమి? కోట్లకు పడగలెత్తిన సంస్థలు ఆధారపడిన ఆ పనికి పూర్తికాలము వెచ్చించువాడు ఒక్కడే. ఏటికి వచ్చు విరాళములు సుమారు 2,000 డాలర్లు. అందఱు ఆ బావి నీరే త్రాగిరి. చేద త్రాటికై చేయి చాచినవారు లేరు.

రెండవది 2024 నాటిది; ఇంకను లోతైనది. ఎక్స్‌జెడ్ అను సాఫ్ట్‌వేరు సమాచారమును కుదించు చిన్న పనిముట్టు. లినక్సు వ్యవస్థలలో విరివిగ వాడుకలో నున్నది. ఫిన్లండు దేశపు లాసే కొలిన్ దానిని ఏండ్ల తరబడి దాదాపు ఒంటరిగ, వేతనము లేక కాపాడుచుండెను. 2022లో కొన్ని అపరిచితమైన పేర్లు అతనిపై ఒత్తిడి తెచ్చినవి: జవాబులు ఆలస్యమగుచున్నవి, పని కుంటుపడినది, మఱియొకనికి అప్పగింపుడు అని. తన శక్తి పరిమితమనియు, ఇది జీతములేని పని యనియు అతడు బహిరంగముగనే విన్నవించుకొనెను. ఆ సమయమున జియా టాన్ అను పేర ఒకడు ఓర్పుతో, వినయముతో సవరణలు పంపుచు సాయము చేయుచుండెను. క్రమముగ అధికారములు అతని చేతికి వచ్చినవి. 2024 ఫిబ్రవరి, మార్చి మాసములలో వెలువడిన కూర్పులలో అతడు దొంగదారిని దాచియుంచెను. ముందు ఒత్తిడి తెచ్చిన పేర్లు గూడ ఆ కుట్రలోని భాగమే యని పెక్కుమంది భావించుచున్నారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు తన యంత్రమున లోనికి ప్రవేశించుటకు అర సెకను ఆలస్యమగుటను గమనించి, ‘ఎందుకు?’ అని ప్రశ్నించుకొని, వెదకి, మార్చి 29వ తేదీన గుట్టు బయటపెట్టెను. ఆ కూర్పులు ఎక్కువ యంత్రములకు చేరకమునుపే వెనుకకు తీసికొనబడినవి.

ఈ కథలో నిలిచి ఆలోచింపదగిన సంగతి యొకటి గలదు. దొంగ వాడిన ఆయుధము ఏది? గొడ్డలి కాదు, గునపము కాదు. ‘నీవు జవాబిచ్చుట లేదు’ అను నిందయే. మంచివాని జవాబుదారీతనమునే అతని మెడకు ఉరిగ బిగించిరి. అలసినవానిని ఆలస్యమునకై తిట్టుట సులభము. అతని ప్రక్కన కూర్చుండి భారము పంచుకొనుట కష్టము. నిజమైన సహాయకులు ముందే వచ్చియున్నచో దొంగ సహాయకునికి చోటు దొరకకుండెడిది. నమ్మకమును ఒక్కని భుజముపై నిలిపినవారు, ఆ భుజము వంగిన దినమున ఆశ్చర్యపడ తగదు. మఱియొక సంగతి: వినయము, ఓర్పు గలవాడైనంత మాత్రమున సాయమునకు వచ్చినవానికి తాళపుచెవి ఇచ్చివేయరాదు. నలుగురు చూచుచుండగా, నలుగురు పరీక్షించుచుండగా పని సాగవలెను. ఆ గుట్టు బయటపడుటకు గూడ పని తెరచియుండుటయే తోడ్పడినది.

ఈ ఉభయధర్మమును నల్లగొండ మెరకనేలల రైతులు ఏనాడో ఎఱుగుదురు. వానను నమ్ముకొనిన ఈ సీమకు చెఱువే ప్రాణము. చెఱువు ఎవ్వని సొత్తును కాదు, ఊరందఱిది. తూము తెరచుటకు, మూయుటకు, ఏ మడికి ఎంత నీరు పోవలెనో చూచుటకు నీరటి యుండెడివాడు. చివరి మడి రైతు పిలిచినను పలుకుట అతని ధర్మము. నీరు చాలనపుడు ‘ఈ వారము నీ వంతు రాదు’ అని ముఖముమీదనే చెప్పుట గూడ అతని ధర్మమే. అయితే పంట వచ్చినపుడు కల్లములో అతనికి మేర కొలిచి ఇచ్చుట ఆయకట్టు రైతుల ధర్మము. కట్ట తెగినదని కేక విన్నపుడు గంప, పార పట్టుకొని పరుగెత్తుట అందఱి ధర్మము. మేర ఆగి, పూడికతీత ఆగి, ‘ఎవరో చూచుకొందురు’ అను భావము పుట్టిన పిమ్మట చెఱువులు మెట్టలైనవి. తెలంగాణ ప్రభుత్వము 2015లో మిషన్ కాకతీయ అను పేర 46 వేలకు పైగా చెఱువులను బాగుచేయ సంకల్పించుటకు, అంతకు ముందు దశాబ్దములపాటు పేరుకొనిన ఆ ఉపేక్షయే కారణము. పూడిక తీయించుట ప్రభుత్వము చేయగలదు. నీరటికిని రైతుకును నడుమ నుండిన మాటను తిరిగి కట్టుట ఊరివారే చేయవలెను.

శరణుల భాషలో కాయకము, దాసోహము అను రెండు మాటలు గలవు. పై విచారమునకు అవి రెండును వెలుగునిచ్చును. దానము చేయువాడు మెట్టుపై నిలుచును, పుచ్చుకొనువాడు క్రింద నిలుచును. దాసోహమున ఆ మెట్టు లేదు; ఇచ్చువాడే తాను సేవకుడనని తలచును. ‘నేను ఉచితముగ ఇచ్చితిని, నన్ను అడుగకుడు’ అను గర్వమునకు ఇచట తావు లేదు. కాని సేవకుడన ఎవరికి సేవకుడు? గట్టిగ అఱచినవానికి కాదు. సమాజమునకు, చేపట్టిన పనికి. ఇక కాయకము ఇచ్చువానికి మాత్రమే విధింపబడినది కాదు; తినువానికిని విధింపబడినది. ఆయ్దక్కి మారయ్య ఒకనాడు అవసరమునకు మించిన బియ్యము ఏరి తేగా, అతని భార్య లక్కమ్మ దానిని తిరిగి అచటనే పోసి రమ్మని పంపెనను కథ శరణ సంప్రదాయమున ప్రసిద్ధము. అందు రెండు వైపుల వారికిని బోధ గలదు. తన కాయకము లేక పరుల శ్రమను మితిమీరి కోరుట ఆశ. మోయజాలని భారమును పేరుకొఱకు తలపై ఉంచుకొని, దింపుమన్నను దింపకుండుట గూడ ఆశయే.

కావున భారమును దింపుటకును ఒక నీతి యుండవలెను. ఓపెన్ సోర్సున ఆ మార్గము సహజముగనే గలదు. నిర్వహణపై నమ్మకము సడలినపుడు వాడుకరులు అదే మూలమునుండి క్రొత్త పాయను తీసికొని పోవచ్చును. 2010లో ఓపెన్ ఆఫీసునుండి లిబ్రెఆఫీసు అట్లు చీలి వచ్చినదే. పాయ తీయుట కలహము కానక్కఱలేదు. నీరు ఆగినచోట క్రొత్త కాలువ త్రవ్వుకొనుట అది. అయినను పాయలు హెచ్చినకొలది ప్రతి పాయలోను నీరు పలుచనగును. అందుచేత చీలుటకు మునుపు మాటలాడుట, విడుచుటకు మునుపు అప్పగించుట ఉభయులకును శ్రేయస్కరము. తెలుగు వికీపీడియాలో అందఱు కలిసి మాటలాడుకొను చోటికి రచ్చబండ అని పేరు పెట్టుట యెంతయు ఉచితము. ప్రతి మార్పు చరిత్రయు అచట నిలిచియుండును. చేసినదెవరో, ఎందుకో ఎవరైనను చూడవచ్చును. క్రొత్తగ వచ్చినవాడు వ్రాసిన నాలుగు పంక్తులను కారణము చెప్పక తుడిచివేసినచో అతడు తిరిగి రాడు. కారణము చెప్పి, దిద్దుట నేర్పినచో అతడే రేపటి నిర్వాహకుడు. ఒక వ్యవస్థ ఆయుర్దాయము దాని తొలి నిర్మాతల ప్రతిభపై కాక, ఇట్టి చిన్న సమాధానములపై ఆధారపడియుండును.

మఠమందైనను, బడియందైనను, సంఘమందైనను ఈ న్యాయమే వర్తించును. గ్రంథాలయము తెరచినవాడు పుస్తకము అడిగినవానికి పలుకవలెను. పుస్తకము తీసికొనినవాడు చినిగిన అట్టను అతికించి తిరిగి ఈయవలెను. పలుకజాలనివాడు బీగము మఱియొకనికి అప్పగింపవలెను. బీగము పుచ్చుకొనువానిని నలుగురు కనిపెట్టియుండవలెను. అడుగువాడు అడుగుటకు ముందు తన చేయి ఖాళీగ నున్నదా యని చూచుకొనవలెను. నమ్మకము ఒకరు ఇచ్చి వేఱొకరు పుచ్చుకొను వస్తువు కాదు. ఇరువైపుల నుండి పేనిన త్రాడు వంటిది అది. ఒక కొస విడిచినను చేద బావిలో పడును.